మా గూడెం మాటలు రికార్డు చేసుకుంటామంటున్నారు. ఏమి అడగాలి?

కెరమెరి పంతులమ్మ · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతాను. పిల్లల్లో ఎక్కువమంది కొలాములు, ఇక్కడి గిరిజనులు. ఇంట్లో కొలామీ, బడిలో తెలుగు, సంతకు వెళితే మరాఠీ కలిసిన హిందీ. వాళ్ల ముందు ఒకటిన్నర భాషల దాన్ని నేనే.

పోయిన వారం ఒక సంస్థ తరఫున ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. కొలామీలో మాట్లాడితే ఫోను దాన్ని అక్షరాల్లోకి మార్చేలా చేస్తారట. అందుకు నలభై గంటల మాట కావాలట. గంటకు ఇంత అని డబ్బు కూడా ఇస్తారు. మంచి పిల్లలే, ఎండలో నడిచి వచ్చారు.

పద్ధతి ఇది. ఫోను తెర మీద తెలుగులో ఒక వాక్యం వస్తుంది, దాన్ని కొలామీలో చెప్పాలి. బడి పక్క ఇంటి అవ్వను కూర్చోబెట్టారు. అవ్వకు చదువు రాదు కాబట్టి నేను చదివి వినిపించాను. మొదటి వాక్యం: "మీ ఖాతాలో తగినంత నిల్వ లేదు." అవ్వ నా మొహంలోకి చూసి "ఎవరి ఖాతాలో?" అని అడిగింది. రెండోది మెట్రో రైలు తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయని. మెట్రో, రైలు, తలుపు అన్నీ అలాగే ఉంచి చివరి మాట ఒక్కటి కొలామీలో అంది. "చాలా బాగా చెప్పారు" అన్నారు వాళ్లు. ఇరవై వాక్యాలు ఇలా గడిచాక అవ్వ ఫోను వైపు వంగి, ఎవరూ అడగకుండానే, విప్పపూలు ఏరుకునే రోజుల గురించి మొదలుపెట్టింది. ఆ గొంతే వేరు. ఆ అబ్బాయి మర్యాదగానే రికార్డింగు ఆపేశాడు. "అది జాబితాలో లేదమ్మా" అన్నాడు.

తర్వాత సమ్మతి పత్రం తీశారు. రెండు పేజీల ఇంగ్లీషు, కింద వేలిముద్రకు చోటు. అక్కడ నేను అడ్డుపడ్డాను. రెండు వారాలు ఆగి రమ్మన్నాను. వాళ్లు మళ్లీ వస్తారు. అప్పుడు ఏమి అడగాలో తెలియక ఇక్కడికి వచ్చాను.

శబ్దగ్రాహి · శుక్రవారం, రాత్రి 10:25

పంతులమ్మ గారూ, నేను హైదరాబాదులో ఇదే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన సంస్థ ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాళ్ల ఇబ్బంది మాత్రం చెప్పగలను. ఒకే వాక్యాల జాబితాను పది భాషలకు వాడితే, ఏ భాషలో యంత్రం ఎంత తడబడుతోందో పోల్చడం సులువు. పైగా గడువు ఉంటుంది. గూడెం గూడేనికీ కూర్చుని ఏమి మాట్లాడాలో చర్చిస్తే నలభై గంటలు కాదు కదా, నాలుగు గంటలు కూడా పోగుకావు.

ఇంకో సంగతి. డబ్బూ పథకాలూ ఎక్కువగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల చుట్టూనే తిరుగుతాయి, కేంద్ర ప్రభుత్వ భాషా అనువాద పథకం భాషిణితో సహా. గిరిజన భాషల్లో ఆ జాబితాలో చేరినవి సంతాలీ, బోడో. అవీ 2003 రాజ్యాంగ సవరణతోనే వచ్చాయి. కొలామీ గోండీ కోయ కువి భాషల గడప తొక్కేవాళ్లే తక్కువ. వచ్చినవాళ్లను తరిమేయకండి.

ఎదురుప్రశ్న · శుక్రవారం, రాత్రి 11:02

తరిమేయమని ఎవరన్నారు? రెండు వారాలు ఆగమన్నారు, అంతే.

పోల్చడానికి సులువు అనే మాట కొత్తది కాదు. వందేళ్ల కిందట బ్రిటిష్ అధికారి గ్రియర్సన్ చేసిన భాషా సర్వేలోనూ ఇదే కథ. సర్వే వెళ్లిన చోటల్లా, ఎవరు ఏ భాష మాట్లాడినా, నమూనా కోసం బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను తమ భాషలో చెప్పాలి. గొర్రెలు కాసేవాడైనా చేపలు పట్టేవాడైనా అదే కథ. అప్పుడు తప్పిపోయిన కుమారుడు, ఇప్పుడు ఖాతాలో లేని నిల్వ. అడిగేవాడికి కావలసిందే చెప్పించుకుని, చెప్పేవాడికి ఉన్నది వదిలేసి వెళ్లడం మాత్రం మారలేదు.

మగ్గం గుంట · శనివారం, ఉదయం 6:15

పొద్దున్నే మంచి చర్చ చూశాను. మాది చేనేత కుటుంబం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం వేసింది, 1971లో చేనేత సంపుటం వచ్చింది. జిల్లా జిల్లాకూ వెళ్లి, పనిచేసే మనుషుల నోటి నుంచే మాటలు రాసుకున్నారు. పండితుడి ఊహ కాకుండా రైతు నోటి మాటే ప్రమాణంగా తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మా ఇంటికి ఆ సేకర్తలు రాలేదు. కానీ నేను కాలేజీలో ఉండగా ఆ చేనేత సంపుటం చూసి ఉత్సాహం వచ్చి, మా తాతను అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను. పడుగు, పేక, కండె, నాడె. అవి నాకూ తెలిసినవే. ఇంకేమున్నాయి తాతా అంటే "ఇంకేముంటాయిరా" అన్నాడు. విసుగొచ్చి వదిలేశాను. ఆ సాయంత్రం ఆయన గుంటలో దిగి కూర్చున్నాక ఒక పోగు తెగింది. ఆ తెగిన పోగును అతికే రెండు నిమిషాల్లో నేను ఎన్నడూ వినని మాటలు నాలుగు వచ్చాయి. ఒకటి పోగుకు, ఒకటి ముడికి, ఒకటి ముడి వేసే వేళ్ల తీరుకు. నాలుగోది తిట్టు, అది రాయను.

పంతులమ్మ గారూ, ఆ అవ్వను విప్పచెట్టు కిందికి తీసుకెళ్లమనండి. అంత పెద్ద పదకోశంలోనూ నాకు ఒక్క లోటు కనిపించింది. ఎవరి మాటలతో ఆ పుస్తకం నిండిందో వాళ్ల ఇళ్లలో అది నాకు ఎక్కడా కనిపించలేదు. నేను చూసింది కాలేజీ గ్రంథాలయంలో, బీరువాలో, తాళంలో.

ఆక్లండ్ అప్పారావు · శనివారం, ఉదయం 8:50

న్యూజిలాండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఉత్తర కొసన కైతాయా అనే ఊళ్లో ఇక్కడి ఆదివాసులైన మావొరీల రేడియో కేంద్రం ఒకటి ఉంది, తే హికు మీడియా. వాళ్ల దగ్గర పెద్దవాళ్ల మాటల రికార్డులు ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయి. వాటిని విని రాసే మనుషులు చాలక, ఆ పని యంత్రానికి నేర్పుకుందామనుకున్నారు. 2018లో జనాన్ని పిలిచారు. పది రోజుల్లో 310 గంటల మాట చేరింది. శబ్దగ్రాహి గారూ, నాలుగు గంటలు కూడా పోగుకావు అన్నారు కదా!

ఎందుకు చేరిందంటారా? అడిగింది ఊరి రేడియో. వాళ్ల పెళ్లిళ్లూ చావులూ పోటీలూ వినిపించిన రేడియో అది. పని దేనికో అందరికీ తెలుసు, తమ తాతల మాటలు వెతికితే దొరకాలి. ఆ తర్వాత బయటి కంపెనీలు ఆ సరుకు కావాలంటే ఇవ్వలేదు. కైతియాకితంగ పేరుతో సొంత లైసెన్సు రాసుకున్నారు. ఆ మాటకు కాపలాదారుతనం అని అర్థం చెప్పుకోవచ్చు. మేము యజమానులం కాము, కాపలావాళ్లం అంటారు వాళ్లు. బడిలో తమ భాష మాట్లాడితే పిల్లలను దండించిన కాలం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు కొట్టి మానిపించిన భాషను రేపు యంత్రంలో పెట్టి తమకే అమ్ముతారేమోనన్న కోపం వాళ్లది.

శబ్దగ్రాహి · శనివారం, ఉదయం 11:30

నాలుగు గంటల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అప్పారావు గారూ, వాళ్లకు రేడియో ఉంది, సొంత ఇంజనీర్లున్నారు. కెరమెరిలో కాపలాదారు ఎవరు? పంతులమ్మ గారు బదిలీ అయితే?

తాళం వేయడంలో నష్టమూ ఉంది. మొజిల్లా కామన్ వాయిస్ 2017 నుంచి గొంతులు సేకరిస్తోంది, తెలుగూ ఉంది. అది పూర్తిగా తెరిచిన తలుపు. పెద్ద కంపెనీ తీసుకోవచ్చు, వరంగల్‌లో ఇంజనీరింగు చదివే పిల్లవాడూ తీసుకోవచ్చు. నేను ఈ పని నేర్చుకున్నది అలాంటి ఉచిత సరుకుతోనే. తలుపు మూస్తే ముందు ఆగిపోయేది ఆ పిల్లవాడే. కంపెనీకి ఇంకో దారి దొరుకుతుంది.

గుంజాల తమ్ముడు · శనివారం, మధ్యాహ్నం 2:10

పంతులమ్మ గారూ, మనం పక్క పక్క మండలాల వాళ్లమే. నాది గోండీ. 2011 జనగణనలో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అంతమంది ఉన్నా, తెలంగాణ గోండు మాటలో తెలుగు కలుస్తుంది, మహారాష్ట్రలో మరాఠీ, ఛత్తీస్‌గఢ్‌లో హిందీ. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అందదు. సీజీనెట్ స్వర అని ఫోను మీద నడిచే వార్తా వేదిక ఉంది, 2010లో మొదలైంది. చదువు రానివాళ్లు కూడా ఫోను చేసి తమ ఊరి సంగతి చెప్పవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. దాని చుట్టూ చేరిన వాళ్లు వేర్వేరు రాష్ట్రాల గోండులను ఒక చోట కూర్చోబెట్టి ఏళ్ల తరబడి సమావేశాలు పెట్టారు. 2018 నాటికి సుమారు 3000 పదాల ఉమ్మడి నిఘంటువు తయారైంది. ఒక్కో మాటకు ఎవరి ఊరి రూపం ఉంచాలన్న దగ్గర ఎంత గొడవ జరుగుతుందో నేను చెప్పనక్కరలేదు. ఆ గొడవ పడే హక్కు మాకు ఉండటమే ముఖ్యం.

మీరు అడగవలసిన మొదటి ప్రశ్న లిపి. కొలామీ మాటను ఏ అక్షరాల్లో రాస్తారు? మాకు గుంజాల లిపి ఉంది, మా జిల్లా ఊరి పేరే. మసరాం లిపి కూడా ఉంది. మసరాం 2017లో, గుంజాల 2018లో కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి వచ్చాయి. తెలంగాణలో తెలుగు లిపిలోనూ రాస్తాం, అవతల దేవనాగరిలోనూ రాస్తారు. యంత్రానికి ఒకటి నేర్పితే మిగతావి వెనకబడతాయి. ఆ నిర్ణయం నగరంలో, ఎవరో జీతగాడు, మధ్యాహ్న భోజనానికి ముందు తీసేసుకుంటాడు. మాకు ఆ తర్వాత తెలుస్తుంది.

మార్లవాయిలో 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతులు గోండు ఉపాధ్యాయులకే శిక్షణ ఇప్పించి గోండీ వాచకాలు చేయించారు. ఆయన్ను పంపింది నిజాం ప్రభుత్వం, అదీ కుమురం భీం తిరుగుబాటు తర్వాత. కాబట్టి అదంతా ప్రేమతోనే జరిగిందని అనను. కానీ పాఠం చెప్పేవాడు గోండు. మా తాతలు ఇప్పటికీ ఆయన పేరు ఎత్తుతారంటే అందుకే.

ఎదురుప్రశ్న · శనివారం, సాయంత్రం 4:45

నాకు ఇంకో అనుమానం. "సమాజాన్ని భాగస్వామిని చేయాలి" అంటున్నాం సరే, సమాజం అంటే ఎవరు? గూడెం పెద్ద సంతకం పెడితే అందరూ ఒప్పుకున్నట్టేనా? పెద్దమనిషి నలుగురి ముందు తల ఊపితే, ఇంట్లో కోడలు వద్దనగలదా? సంతకం పెట్టినవాడికి బండి, గొంతు ఇచ్చినదానికి బిస్కెట్ పొట్లం, ఇలా ముగిసిన పనులు నేను చూశాను. ఎక్కడో చెప్పను.

నిర్వాహకుడు · శనివారం, సాయంత్రం 5:20

ఒక సభ్యుడు ఫలానా సంస్థ పేరు ఊహించి రాశారు, ఆ వ్యాఖ్య తీసేశాను. ఊహలు వద్దు. మిగతా తగువు కొనసాగించండి.

కెరమెరి పంతులమ్మ · శనివారం, రాత్రి 8:30

ఇంతమంది రాస్తారనుకోలేదు. ఎదురుప్రశ్న గారి మాట చదివి నాకే సిగ్గేసింది. ఇంతవరకూ నేను అవ్వను ఏమీ అడగలేదు, ఆమె తరఫున నేనే కోపం తెచ్చుకున్నాను. అందుకని సాయంత్రం వెళ్లి అడిగాను.

అవ్వకు కాగితం మీద కోపం లేదు. కథ మధ్యలో ఆపినందుకు కోపం. "పిలిచి కూర్చోబెట్టి, నోరు తెరిస్తే ఆపుతారా" అంది. డబ్బు సంగతి అడిగితే, కూలికి ఎంత ఇస్తారో అంతకు తగ్గకూడదు అంది, తేల్చేసింది. తాళం, తలుపు, లైసెన్సు గురించి నాకు వచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విని, "నేను చెప్పింది నా మనవడు వినగలడా?" అని అడిగింది. మనవడు మంచిర్యాలలో హాస్టల్లో ఉంటాడు, సెలవులకు వచ్చినప్పుడు తెలుగులోనే బదులిస్తాడు.

కోడలు పొయ్యి దగ్గర నుంచే ఇంకో మాట అంది. చావు పాటలు మాత్రం రికార్డు చేయకూడదు. ఎందుకని అడగలేదు నేను. ఈ విషయం ఆ పత్రంలో రాయడానికి చోటెక్కడ?

మాటవైద్యం · శనివారం, రాత్రి 9:15

నేను మాట తడబడేవాళ్లకు చికిత్స చేస్తాను, విశాఖలో. మీ చర్చ గిరిజన భాషల మీద నడుస్తోంది కానీ ఈ ముక్క చెప్పాలనిపించింది. పక్షవాతం తర్వాత మాట ముద్దగా వచ్చే పెద్దాయన ఒకరు, ఇలాంటి సేకరణ ఒకదానికి పట్టుదలగా యాభై వాక్యాలు చదివి పంపారు. ఒక్కోదానికి మూడు నాలుగు ప్రయత్నాలు. అన్నీ తిప్పికొట్టారు. "ఉచ్చారణ స్పష్టంగా లేదు" అని ఎర్రటి గుర్తు. ఫోనుతో మాట్లాడి పని చేయించుకోవలసిన అవసరం అందరికంటే ఆయనకే ఎక్కువ, వేళ్లు కూడా సరిగా ఆడవు. తనిఖీ నియమాలు రాసేటప్పుడు నత్తి ఉన్నవాడొకడు ఆ గదిలో ఉండి ఉంటే ఆ ఎర్ర గుర్తు పడేది కాదు.

పర్లాకిమిడి మనవడు · ఆదివారం, ఉదయం 7:00

గిడుగు రామమూర్తి గారిని ఇంతవరకూ ఎవరూ తలచుకోకపోవడం ఆశ్చర్యం. ఆగస్టు 29న దండలు వేయడానికి మాత్రం గుర్తొస్తారు. సవర భాష నేర్చుకోవడానికి ఆయన సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మన్నెంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోయిన మనిషి ఒక భాష ధ్వనులను అంత సూక్ష్మంగా రాశాడు!

అయితే ఆ ఇంట్లో ఉండి నేర్పిన మనిషి పేరు మనలో ఎంతమంది చెప్పగలం? నాకు ఆ వెలితి ఎప్పుడూ ఉంది. ఇంకో తమాషా. 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు తానే సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. రోమన్ అక్షరాల్లో, తెలుగు అక్షరాల్లో సవరను ఇతరులు రాస్తూనే ఉన్నారు, వాళ్లు తమ అక్షరాలు తామే దిద్దుకున్నారు. గుంజాల తమ్ముడు చెప్పిన లిపి ప్రశ్న అంత పాతది.

శబ్దగ్రాహి · ఆదివారం, మధ్యాహ్నం 12:40

రాత్రి మళ్లీ మొదటి నుంచి చదివాను. నా పనిలో జరిగింది ఒకటి చెబుతాను. తెలుగు సేకరణే. మెదక్ వైపు రైతు "బర్రె" అన్నాడు. రాతలో "గేదె" అని ఉంది. ఇంకో చోట "ఆనపకాయ" అంటే "సొరకాయ" అని రాశారు. రాసిన అమ్మాయిని అడిగితే, తప్పు దిద్దానండీ అంది. పాపం ఆమె తప్పు కాదు, స్పష్టమైన తెలుగులో రాయాలని ఆదేశం ఇచ్చింది మేమే. యంత్రం బర్రె అనే శబ్దం వింటూ గేదె అనే రాత చూస్తూ పెరిగింది. తర్వాత పల్లెల్లో పనిచేయడం లేదని మేమే తల పట్టుకున్నాం. ఆ ఊరివాళ్లు ఇద్దరు కూర్చుని రాసి ఉంటే మొదటి రోజే పట్టుకునేవారు.

పంతులమ్మ గారూ, వాళ్లు వస్తే నేనైతే ఇవి అడుగుతాను. వాక్యాల జాబితా సగం పక్కన పెట్టి, బొమ్మ చూపించి, లేదా ఏదో ఒక పని చేయిస్తూ మాట్లాడించమనండి. సమ్మతి కాగితం మీద కాకుండా కొలామీలో చదివి వినిపించి, జవాబు గొంతుతోనే రికార్డు చేయమనండి. ఒక్కొక్కరి దగ్గరా విడిగా, కోడలి దగ్గర మామ లేనప్పుడు. విని రాసే పని గూడెంలో చదువుకున్నవాళ్లకే జీతంతో ఇవ్వాలి. నా అనుభవంలో గంట మాట రాయడానికి ఒక రోజు పైనే పడుతుంది, అసలు కూలి అక్కడే ఉంది. పని పూర్తయ్యాక అవ్వ వయసువాళ్ల మాటను యంత్రం ఎంతవరకు సరిగ్గా రాసిందో విడిగా లెక్క కట్టి, గూడేనికే వచ్చి చూపించాలి. సగటు అంకె చెబితే నమ్మకండి, సగటులో ముసలివాళ్లు కనిపించరు.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. రేపు ఎవరైనా వద్దంటే రికార్డింగు చెరిపేయవచ్చు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చనే చెబుతుంది. కానీ అప్పటికే ఆ గొంతుతో యంత్రానికి శిక్షణ అయిపోతే, అందులోంచి ఆ ఒక్క గొంతును ఏరి తీయడం దాదాపు కుదరదు, మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇవ్వాలి. ఈ ముక్క ముందే చెప్పమనండి. చెప్పనివాళ్లతో పని పెట్టుకోకండి.

మగ్గం గుంట · ఆదివారం, మధ్యాహ్నం 1:05

కూలి సంగతిలో ఒక్క మాట. బెంగళూరులో కార్య అనే సంస్థ గంటకు దాదాపు 5 డాలర్లు ఇస్తుంది, ఆ సరుకు మళ్లీ అమ్ముడైతే మాట్లాడినవాళ్లకు వాటా ఇస్తుంది. కాబట్టి కుదరదని ఎవరైనా అంటే, కుదిరింది అని చెప్పండి. చీర అమ్ముడైన ప్రతిసారీ నేసినవాడికి వాటా వచ్చి ఉంటే మేం ఈపాటికి మేడలు కట్టేవాళ్లం.

కెరమెరి పంతులమ్మ · రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 7:50

వాళ్లు వచ్చారు. ఈసారి ముగ్గురు, మూడో ఆమె వాళ్లకు పైఅధికారి అట. మీరు రాసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకుని కూర్చున్నాను, పరీక్షకు వెళ్లినట్టు. కూలి ఒప్పుకున్నారు. కొలామీలో సమ్మతి చదివి వినిపించడానికి ఒప్పుకున్నారు. రాసే పనికి మా గూడెం అమ్మాయి, ఇంటరు చదివింది, ఆమెను తీసుకున్నారు. ఇద్దరిని అడిగాను, ఒక్కరే అన్నారు. లిపి తెలుగే. దాని మీద ఇంకా మాట్లాడాలంటే మహారాష్ట్ర కొలాములను కూడా పిలవాలని అమ్మాయే అంది, అది తేలలేదు. చావు పాటల మాట కాగితం అంచున చేత్తో రాసి ముగ్గురూ సంతకం పెట్టారు. అమ్మకంలో వాటా మాట ఎత్తగానే పైఅధికారిణి ఫోను చేయాలని బయటికి వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.

ఎదురుప్రశ్న గారు అడుగుతారని ముందే చెబుతున్నాను, రెండు ఇళ్లవాళ్లు వద్దన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అవ్వ ఈసారి ఇంటి ముందు విప్పపూలు ఎండబోసుకుంటూ గంటా పది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో కోడిని తోలింది, అదీ రికార్డయింది. రికార్డింగులన్నీ ఒక మెమరీ కార్డులో వేసి గూడేనికి ఇవ్వాలని షరతు పెట్టాం. మొత్తం నలభై గంటలైతే ఎంత కార్డు కొనాలి? ఆసిఫాబాదులో ముప్పై రెండు జీబీది ఉంది.

శబ్దగ్రాహి · ఆదివారం, రాత్రి 8:05

ధారాళంగా సరిపోతుంది. మామూలుగా సెకనుకు 16,000 నమూనాల చొప్పున, ఒక్కో నమూనా రెండు బైట్లుగా తీస్తారు. అంటే గంటకు 115 మెగాబైట్లు, నలభై గంటలకు నాలుగున్నర జీబీ పైచిలుకు. రెండు కార్డులు కొని ఒకటి బడి బీరువాలో పెట్టండి.

కెరమెరి పంతులమ్మ · ఆదివారం, రాత్రి 9:30

అవ్వ దగ్గరున్నది బటన్ల ఫోను. వాళ్లిచ్చిన ఫైలు అందులో మోగడం లేదు. మనవడు దసరాకు వస్తాడు. ఏమి చేయాలి?

శబ్దగ్రాహి · ఆదివారం, రాత్రి 9:34

ఎంపీ3గా మార్చాలి. నాకు పంపండి, కోడితో సహా మార్చి పంపుతాను. వద్దులెండి, ఫైలు నా దగ్గరికి రానక్కరలేదు. రాసే పనికి కుదిరిన అమ్మాయికి ఫోను ఇవ్వండి, ఎలా మార్చాలో ఆమెకే చెబుతాను.